షుగర్ పుండు మానాలంటే దాని మీద అడుగు పడకూడదు

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది షుగర్ వల్ల అరికాలికి పుండు పడి, నెలల తరబడి డ్రెస్సింగులు చేయించుకుంటున్నవాళ్లు. మిగతావాళ్లు వాళ్లను వెంటబెట్టుకొచ్చిన ఇంటివాళ్లు. ఫిజియోథెరపిస్టుగా మీకు నేను చెప్పాల్సింది ఒకటే. మందులు కావాలి, డ్రెస్సింగు కావాలి, షుగర్ అదుపులో ఉండాలి. కానీ పుండు మీద బరువు మోపి నడుస్తున్నంతకాలం అవేవీ దాన్ని మాన్పలేవు. వాకర్, బూటు, వీల్‌చైర్ కూడా వైద్యమే.

బాగున్న కాలికి చిన్న ముల్లు గుచ్చుకున్నా కుంటుతాం. ఆ కుంటడమే కాలిని కాపాడుతుంది. నరాలు దెబ్బతిని స్పర్శ పోయిన కాలు కుంటదు. బొటనవేలి మొదట్లో పుండు ఉన్నా ఒంటి బరువంతా దాని మీదే వేసి నడిచేస్తారు. కొత్తగా పుడుతున్న కండ అడుగడుగునా నలిగిపోతుంది. "నొప్పి లేదు కదండీ, నడిస్తే ఏమవుతుంది?" అని చాలామంది అడుగుతారు. నొప్పి తెలియకపోవడమే ఇక్కడ అసలు ప్రమాదం.

ఈ సంగతి మనకు తెలిసింది కుష్ఠు రోగులకు సేవ చేసిన డాక్టర్ల వల్ల. డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో వెల్లూరు సీఎంసీ ఆసుపత్రికి వచ్చారు. కుష్ఠు రోగుల పాదాలు వాటంతటవే కుళ్లిపోవడం లేదని, స్పర్శ లేని చోట మళ్లీ మళ్లీ ఒత్తిడి పడి పుండ్లవుతున్నాయని ఆయన చూపించారు. పిండికట్టు వేసి ఆ ఒత్తిడి తీసేస్తే పుండ్లు మానాయి. 1960ల్లో ఆయన అమెరికాలో కుష్ఠు ఆసుపత్రి ఉన్న కార్‌విల్‌కు వెళ్లాక అదే కట్టు షుగర్ పుండ్లకూ వాడారు. ఇవాళ టోటల్ కాంటాక్ట్ కాస్ట్ అంటున్నది దాన్నే. మోకాలి కింది నుంచి పాదం దాకా ఒంటికి అంటుకున్నట్టు వేస్తారు. బరువు ఒకచోటే పడకుండా అరికాలంతా పరుచుకుంటుంది, కొంత పిక్క కూడా మోస్తుంది.

అమెరికాలో 2001లో వచ్చిన ఒక అధ్యయనంలో ఈ కట్టు వేయించుకున్నవాళ్లలో దాదాపు 90 శాతం మందికి 12 వారాల్లో పుండు మానింది. విప్పుకునే వీలున్న బూటు ఇచ్చినవాళ్లలో 65 శాతం మందికే మానింది. అలాంటి బూటు వాడుతున్నవాళ్ల అడుగులు 2003లో లెక్కపెడితే, రోజు మొత్తం మీద 28 శాతం అడుగులే బూటుతో వేశారని తేలింది. మన ఇళ్లలో పరిస్థితి ఇంకా కష్టం, ఎందుకంటే కాలికి ఉన్నదేదైనా గడప బయటే విప్పేస్తాం. దయచేసి ఆ బూటును చెప్పుల లెక్కలో వేయకండి. అది కట్టు. వంటింట్లోకైనా, దేవుడి గదిలోకైనా దానితోనే వెళ్లాలి. రాత్రి బాత్రూమ్‌కు లేచినా తొడుక్కోవాలి.

అయితే అందరికీ పిండికట్టు వేయకూడదు. కాలికి రక్తం సరిగా అందకపోయినా, చీము బాగా పట్టినా అది ప్రమాదం. ఏది వేయాలో డాక్టరే చెప్పాలి.

ఇక వాకర్ సంగతి. కట్టుతోనో బూటుతోనో ఆ కాలు ఎత్తవుతుంది, ఒళ్లు ఒక పక్కకు ఒరుగుతుంది. పాదం స్పర్శ పోయినవాళ్లకు నిలకడ ముందే తక్కువ, కాబట్టి పడిపోతారు. రెండో కాలికి కాస్త ఎత్తు మడమ ఉన్న చెప్పు వేసుకుంటే సగం ఇబ్బంది తగ్గుతుంది. వాకర్ పక్కన నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే పిడి మీ మణికట్టు దగ్గరకు రావాలి. ముందు వాకర్, తర్వాత పుండున్న కాలు, ఆ తర్వాత మంచి కాలు. అడుగు చిన్నదిగా వేయండి. వాకర్ కాళ్లకున్న రబ్బరు బుడిపెలు అరిగితే తడి గచ్చు మీద జారతాయి, వెంటనే మార్చండి. చేతికర్ర అయితే పుండు లేని వైపు చేత్తో పట్టుకోవాలి. కుడికాలికి పుండుంటే కర్ర ఎడమచేతిలో ఉండాలి. చంక కర్రలతో ఒంటికాలి మీద గెంతడం వయసు మళ్లినవాళ్లకు నేను చెప్పను. ఆ బరువంతా పడి రెండో పాదానికీ పుండు లేస్తుంది. దూరం వెళ్లాల్సి వస్తే వీల్‌చైర్ వాడండి.

నలుగురూ ఏమనుకుంటారోనని వాకర్‌ను తలుపు వెనక పెట్టేసేవాళ్లను చూస్తే నాకు చాలా బాధేస్తుంది. ఇంటివాళ్లారా, దాన్ని మంచం పక్కనే, చెయ్యి చాపితే అందేలా పెట్టండి. మంచినీళ్లు, ఫోను, మందులు కూడా అక్కడే పెడితే రోజుకు ఎన్నో అడుగులు తగ్గుతాయి. బాత్రూమ్‌లో కమోడ్ కుర్చీ పెట్టండి, గొంతుక్కూర్చుంటే బరువంతా పాదాల మీదే పడుతుంది. కొనే స్తోమత లేకపోతే 60 ఏళ్లు దాటిన పేదలకు చేతికర్రలు, వాకర్లు, వీల్‌చైర్లు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. అది 2017లో మొదలైంది మన నెల్లూరు జిల్లాలోనే.

పుండు మానాక కూడా జాగ్రత్త తప్పదు. మానినవాళ్లలో దాదాపు 40 శాతం మందికి ఏడాదిలోపే మళ్లీ వస్తుంది. మెత్తటి ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులు వేసుకుని, రోజూ అరికాలు చూసుకోండి. వంగలేకపోతే అద్దం కింద పెట్టి చూడండి, లేదా ఇంట్లో ఎవరినైనా చూడమనండి.

వాకర్లు, కర్రలు వెంట తెచ్చుకున్నవాళ్లు ఒక్కొక్కరే ముందుకు రండి. ఎత్తు సరిచేసి, నడిపించి చూస్తాను.