పిల్లల చేతికి పని: ఆన్‌లైన్ క్లాసుల గురించి తోటి అధ్యాపకులతో

అందరికీ నమస్కారం. గాజువాక నుంచి, మధురవాడ నుంచి, అటు భీమిలి నుంచి కూడా సెలవు పూట ఇంత ఎండలో వచ్చారు, అందుకని తిన్నగా విషయంలోకి వెళ్ళిపోతాను.

నేను డిగ్రీ పిల్లలకి స్టాటిస్టిక్స్ చెప్తాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి కాలేజీలు మూసేశాక మీ అందరిలాగే నేనూ లాప్‌టాప్ ముందు కూర్చుని పాఠం మొదలుపెట్టాను. అరవై పేర్లు కనిపించేవి, ఒక్క ముఖం కనిపించేది కాదు. గంటసేపు చెప్పి చివర్లో "అర్థమైందా?" అంటే చాట్‌లో వరసగా "యెస్ మేడమ్" అని పడేవి, నేను ధైర్యంగా క్లాసు ముగించేదాన్ని. పేపర్లు దిద్దుతుంటే తెలిసింది, చాలామందికి మొదటి పావుగంట తర్వాత ఏమీ అందలేదని.

ఆ రోజుల్లోనే పాడేరు అవతల ఒక ఊరి నుంచి ఒకబ్బాయి క్లాసుకి వచ్చేవాడు. కాసేపటికోసారి పేరు పోయేది, మళ్ళీ వచ్చేది. ఒకరోజు అటెండెన్స్ తీస్తూ అందరూ వింటుండగా "నీకు క్లాసంటే లెక్కలేదా?" అని గట్టిగా అనేశాను. సాయంత్రం ఫోన్ చేశాడు. "మేడమ్, ఇంటికాడ సిగ్నల్ ఉండదండి, కొండ మీదకొచ్చి కూర్చుంటున్నానండి, వానొస్తే ఫోన్ తడిసిపోద్దని సంచిలో పెట్టేస్తానండి, అప్పుడే కట్టయిపోతోందండి" అన్నాడు. కోపంగా అనలేదు, నాకు తెలియాలని చెప్పాడంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాటి నుంచి ప్రతి పాఠానికీ పది నిమిషాల ఆడియో ఒకటి, చేత్తో రాసిన రెండు పేజీల ఫోటోలు వాట్సాప్‌లో పెట్టడం మొదలుపెట్టాను. వీడియో దిగని చోట కూడా అవి దిగేవి. క్లాసులో వాడు అడిగిన మొదటి ప్రశ్న ఆ తర్వాతి వారంలోనే వచ్చింది.

ఇప్పుడు కాలేజీలు తెరిచే ఉన్నాయి కదా, ఈ గొడవ ఇంకా ఎందుకు అంటారేమో. ఆన్‌లైన్ చదువు ఎక్కడికీ పోలేదు. యూజీసీ, అంటే విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం, 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఒక ప్రోగ్రామ్‌లో సెమిస్టర్‌కి ఉండే కోర్సుల్లో 40 శాతం వరకు "స్వయం" అనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ద్వారా చదువుకుని క్రెడిట్లు తెచ్చుకోవచ్చు. స్వయం కోర్సు తయారీలోనే నాలుగు భాగాలు పెట్టారు: వీడియో పాఠం, చదువుకునే మెటీరియల్, తమను తాము పరీక్షించుకునే ప్రశ్నలు, చర్చ. మనం మొదటి రెండింటికీ ప్రాణం పెడతాం, మిగతా రెండింటినీ ఎవరో చూసుకుంటారని వదిలేస్తాం. నా అనుభవంలో చదువు అబ్బేది మాత్రం ఆ వదిలేసిన సగంలోనే.

ఒక పాఠం ఎలా నడిపానో కాస్త వివరంగా చెప్తాను. సగటు, మధ్యగతం. ఇంతకుముందైతే నిర్వచనం, సూత్రం, రెండు లెక్కలు, అంతటితో సరి. ఈసారి స్క్రీన్ మీద ఐదు అంకెలే పెట్టాను. ఫిషింగ్ హార్బర్‌లో ఐదు పడవలకి ఒకరోజు పడిన చేప అనుకోండి అన్నాను: 20, 22, 23, 25, 160 కిలోలు. సగటు తీస్తే 50, మధ్యగతం, అంటే వరసలో నడిమి అంకె, 23. "రేపు పడవ అద్దెకి తీసుకుని వేటకి వెళ్ళబోయే మనిషి మిమ్మల్ని అడిగితే ఏ అంకె చెప్తారు? ఎందుకు? ఒక్క వాక్యం రాయండి, నేను చెప్పేదాకా ఎవరూ పంపొద్దు" అన్నాను. రెండు నిమిషాలు ఇచ్చాను. తర్వాత అందరూ ఒకేసారి పంపించారు. అందరివీ కలిసే వస్తాయి కాబట్టి ఒకరిది చూసి ఒకరు రాసే వీలుండదు, తప్పయితే నలుగురూ తననే చూస్తారన్న టెన్షన్ కూడా ఉండదు. సగం మంది 50 అన్నారు. సెమిస్టరంతా నోరు విప్పని ఒకమ్మాయి, వాళ్ళ ఇంట్లో వేటకి వెళ్ళేవాళ్ళున్నారని నాకు అప్పటిదాకా తెలియదు, ఇలా రాసింది: "160 పడిన పడవది ఆ రోజు అదృష్టం మేడమ్, దాన్ని నమ్ముకుని డీజిల్ కొట్టించకూడదు." ఒక్క పెద్ద అంకె సగటుని ఎలా లాగేస్తుందో నేను పావుగంట చెప్పినా అంత బాగా ఎక్కదు. ఆ వాక్యాన్ని స్క్రీన్ మీద పెట్టి, ఆ అమ్మాయి పేరు చెప్పి, పాఠం మొత్తం దాని చుట్టూనే నడిపాను.

ఇందులో కష్టమల్లా ఆ రెండు నిమిషాలు ఊరుకోవడమే. మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970లలో క్లాసుల్లో ఈ సంగతే గమనించారు. టీచర్లు ప్రశ్న అడిగి జవాబు కోసం సుమారు ఒక్క సెకను ఆగుతున్నారు, అదే మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్ళు మాట్లాడారు. ఆవిడ చూసింది మామూలు గదులు. ఆన్‌లైన్‌లో మన మాట అవతలికి చేరాలి, వాళ్ళు మ్యూట్ తీయాలి, లేదా చిన్న ఫోన్‌లో టైప్ చేయాలి. మూడు సెకన్లు ఏ మూలకి? ఇరవై దాకా మనసులో లెక్కపెట్టుకోండి. మొదట్లో ఊపిరాడనట్టు ఉంటుంది, అలవాటైపోతుంది.

వీడియోల గురించి ఒక్క మాట. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ వేదిక కోర్సుల్లో దాదాపు 69 లక్షల వీక్షణలను పరిశీలించి 2014లో ఒక అధ్యయనం వచ్చింది. వీడియో ఎంత పొడవున్నా పిల్లలు నిలిచి చూసేది మధ్యగతం లెక్కన ఆరు నిమిషాలకి మించడం లేదని తేలింది. కాబట్టి యాభై నిమిషాల రికార్డింగ్ ఉంటే దాన్ని ముక్కలు చేయండి, ముక్కకో ప్రశ్న పెట్టండి. ఆ ప్రశ్న ఎందుకంటే, రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు 2006లో చూపించారు: చదివిందే మళ్ళీ చదివినవాళ్ళు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు, కానీ వారం తర్వాత పరీక్ష పెడితే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళే గెలిచారు. మన పరీక్షలు ఐదు నిమిషాల తర్వాత ఉండవు కదా. అందుకే నా క్లాసు మొదటి ఐదు నిమిషాలూ పోయిన క్లాసులోవి రెండు ప్రశ్నలు, మార్కులుండవు.

కెమెరా ఆన్ చేయమని బలవంతం చేయకండి, దయచేసి. ఒకే గదిలో ఐదుగురున్న ఇల్లు, వెనకాల పొయ్యి, రోజుకి ఒకటిన్నర జీబీ రీఛార్జ్. ముఖం కనిపిస్తేనే శ్రద్ధ ఉన్నట్టు అనుకోనక్కర్లేదు, రాసిన వాక్యం దానికన్నా నమ్మకమైన సాక్ష్యం.

అయితే రాయించి చదవకపోతే వారంలో మానేస్తారు. అరవై మందికి రోజూ జవాబు ఎలా ఇస్తాం అంటారు. ఇవ్వలేం. నేను క్లాసుకి పదిమందివి తీసుకుంటాను, ఆరు క్లాసులకి అందరూ అయిపోతారు. "గుడ్" అని పెట్టను. "మూడో లైన్‌లో విచలనం వర్గం చేయడం మర్చిపోయావు, అక్కడి నుంచి మళ్ళీ చెయ్యి" అని పేరు పెట్టి రాస్తాను. ఒక్కొక్కరికి నిమిషం పడుతుంది. మన ఆంధ్ర విశ్వవిద్యాలయం దూరవిద్య 1972లోనే మొదలైంది, అప్పుడు అంతా పోస్టు మీదే నడిచింది. మన చేతిలో ఫోన్ ఉంది.

మాటలు చాలు. మీ వచ్చే సోమవారం పాఠం తీయండి. అందులో ఒకచోట మీ ప్రసంగం ఆపి, పిల్లలు ఒక్క వాక్యం రాయాల్సిన ప్రశ్న పెట్టండి. గూగుల్‌లో దొరికేది వద్దు, వాళ్ళ ఊరి సంగతి తెలిస్తేనే రాయగలిగేది అయితే మంచిది. పది నిమిషాలు తీసుకోండి. రాశాక పక్కవాళ్ళకి ఇచ్చి జవాబు రాయించండి, తర్వాత ముందు వరస నుంచి ఒక్కొక్కటే చదువుకుందాం.