అడగలేని మనిషి కోసం ఒక తెర

అందరికీ నమస్కారం.

ఆసుపత్రుల్లో రిసెప్షన్ కౌంటర్ చూసేవాళ్లు, కంప్యూటర్ ఆపరేటర్లు, సూపర్‌వైజర్లు ఇవాళ ఇక్కడ కూర్చున్నారు. ఓపీ హాల్లో గోడకు టీవీ బిగించి, కావలసిన సమాచారం దానంతటదే తిరుగుతూ ఉండేలా ఎలా ఏర్పాటు చేసుకోవాలో మాట్లాడుకుందాం. వైర్లు, సెట్టింగుల సంగతికి వస్తాను. ముందుగా ఆ తెర ఎవరి కోసమో తేల్చుకోవాలి.

ఉదయం తొమ్మిదింటికి ఓపీ హాలు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. "డాక్టరుగారు వచ్చారామ్మా?", "రక్తపరీక్ష ఎక్కడ?", "రిపోర్టు ఎప్పుడిస్తారు?", "ఆధార్ జిరాక్సు కావాలా?" పొద్దున్నుంచీ ఇవే ప్రశ్నలు. ఒకే జవాబు ఎన్నోసారో చెప్పేటప్పుడు కౌంటర్‌లో ఉన్న అమ్మాయి గొంతు కాస్త పెరుగుతుంది. ఆమెను తప్పుపట్టలేం. కానీ ఆ గొంతు విన్నాక వెనక వరసలో కూర్చున్న పెద్దావిడ ఇంక లేచి అడగదు. ఎవరో ఒకరు పిలుస్తారులే అని చీటీ పట్టుకుని కూర్చుంటుంది. ఈలోగా ల్యాబ్‌లో శాంపిల్ తీసుకునే టైం అయిపోతుంది. పరగడుపున వచ్చిన మనిషి మళ్లీ రేపు రావాలి.

ఆ పెద్దావిడ కోసమే ఈ తెర. ప్రారంభోత్సవం ఫొటోలు, సన్మానాలు, హెల్త్ ప్యాకేజీల ప్రకటనలు అందులో తిరుగుతున్నంతసేపూ ఆమెకు కావలసిన మాట ఆలస్యమవుతూ ఉంటుంది. మేనేజ్‌మెంట్ అడిగితే ఈ మాట గట్టిగా చెప్పండి.

అందుకని టీవీ కొనేముందు ఒక వారం పాటు కౌంటర్ దగ్గర ఒక నోట్‌బుక్ పెట్టండి. జనం అడిగే ప్రశ్నలు వాళ్ల మాటల్లోనే రాయండి. ఎక్కువసార్లు వచ్చిన ఏడెనిమిది ప్రశ్నలే మీ స్లైడ్లు. "బాహ్య రోగుల నమోదు ప్రక్రియ" అని పెడితే ఎవరూ చదవరు. "ఓపీ చీటీ ఎక్కడ ఇస్తారు?" అని పెట్టి, కింద "1వ కౌంటర్, ఉదయం 8 నుంచి 12 వరకు" అని రాస్తే చాలు.

ఇక అక్షరాల సైజు. ఎక్కువ తెరలు పాడయ్యేది ఇక్కడే కాబట్టి కాస్త లెక్క చూద్దాం. బోర్డులు రాసేవాళ్లు సాధారణంగా పాటించే లెక్క ఒకటుంది: పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం. మీ హాల్లో చివరి కుర్చీ ఇరవై అడుగుల దూరంలో ఉంటే అక్షరం రెండు అంగుళాలు ఉండాలి. 43 అంగుళాల టీవీ అంటే ఆ 43 మూల నుంచి మూలకు కొలత. తెర ఎత్తు 21 అంగుళాలే. పైగా మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి. "ష్ట్ర" లాంటివి వస్తే కింద ఇంకా చోటు కావాలి. ఇంగ్లీషుకు సరిపోయే లైన్ల మధ్య ఖాళీ తెలుగుకు సరిపోదు. లైనుకు నాలుగు అంగుళాలు వదిలితే మొత్తం ఐదు లైన్లు పడతాయి, అందులో శీర్షిక ఒకటి. లైనుకు మూడు నాలుగు మాటలు. ఒక స్లైడ్‌కు అంతకంటే చోటు లేదు. ఆఫీసు సర్క్యులర్‌ను ఉన్నదున్నట్టు తెర మీద పెట్టేవాళ్లు ఒక్కసారి చివరి కుర్చీలో కూర్చుని చూడాలి. అదీ కళ్లజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చిన మనిషిని మనసులో పెట్టుకుని.

టైం ఎంత ఇవ్వాలి? స్లైడ్‌ను నెమ్మదిగా, పైకి, రెండుసార్లు చదవండి. అదే దాని టైం. మామూలుగా పది పన్నెండు సెకన్లు వస్తుంది. ఎనిమిది స్లైడ్లు, ఒక్కొక్కటి 12 సెకన్లు అనుకుంటే ఒక చుట్టు 96 సెకన్లు. అంటే తన స్లైడ్ అప్పుడే దాటిపోయాక లోపలికొచ్చిన మనిషి అది మళ్లీ కనిపించడానికి దాదాపు నిమిషంన్నర ఆగాలి. అది ఫర్వాలేదు. ఇరవై స్లైడ్లు పెడితే నాలుగు నిమిషాలు ఆగాలి, అప్పటికి ఆ మనిషి తెర వైపు చూడడం మానేసి ఉంటాడు. ముఖ్యమైన స్లైడ్, ఉదాహరణకు ఇవాళ ఏ డాక్టర్ ఉన్నారన్నది, ఒకే చుట్టులో రెండుమూడు చోట్ల పెట్టుకోవచ్చు. అక్షరాలు ఎగురుతూ రావడం, గిరగిరా తిరగడం, కింద స్క్రోలింగ్ పరిగెత్తడం వద్దు. నెమ్మదిగా కూడబలుక్కుని చదివేవాళ్లకు అది అన్యాయం.

అసలు చదవడమే రానివాళ్లు కూడా మన హాల్లో ఉంటారు. వాళ్ల కోసం గది నంబరు అంకె పెద్దదిగా, పక్కన ఒక బొమ్మ, ఒక రంగు పెట్టండి. అదే అంకె, అదే రంగు ఆ గది తలుపు మీద కూడా ఉండాలి. తలుపు మీద లేకపోతే తెర మీద పెట్టి లాభం లేదు. హైదరాబాద్ లాంటి చోట ఉర్దూ, సరిహద్దు జిల్లాల్లో పక్క రాష్ట్రం భాష కూడా అవసరమే. మూడు భాషల్ని ఒకే స్లైడ్‌లో కుక్కకుండా వేర్వేరు స్లైడ్లు చేయండి.

తెర మీద పెట్టకూడనివి కొన్ని ఉన్నాయి. ఎమర్జెన్సీకి దారి, 108 నంబరు, లిఫ్ట్, మరుగుదొడ్లు: ఇవి గోడ మీద శాశ్వతంగా కనిపించాలి. ఛాతీ నొప్పితో వచ్చిన మనిషి స్లైడ్ మారేదాకా ఆగలేడు. స్కానింగ్ కేంద్రాల్లో లింగ నిర్ధారణ చేయబడదన్న బోర్డు చట్టం ప్రకారం స్పష్టంగా ప్రదర్శించాల్సిందే. టీవీలో వేస్తున్నాం కదా అని ఆ బోర్డు తీసేయకండి. ఇంకొకటి, పేషెంట్ పేరు, జబ్బు పేరు ఏ పరిస్థితుల్లోనూ తెర మీద రాకూడదు. పిలవడానికి టోకెన్ నంబరు చాలు.

ఇప్పుడు సాంకేతిక విషయం. చిన్న ఆసుపత్రికి పెన్‌డ్రైవ్‌లో వీడియో చాలు. పవర్‌పాయింట్‌లో స్లైడ్లు చేసి, ఎక్స్‌పోర్ట్‌లో "క్రియేట్ ఎ వీడియో" నొక్కితే ఎంపీ4 ఫైలు వస్తుంది. అక్కడ స్లైడ్‌కు 5 సెకన్లని ముందే ఉంటుంది, దాన్ని మార్చడం మర్చిపోవద్దు. వీడియో ఎందుకంటే, మీ కంప్యూటర్‌లో ఉన్న తెలుగు ఫాంట్ ఇంకోచోట లేకపోతే అక్షరాలు మారిపోతాయి, ఒక్కోసారి డబ్బాలు కనిపిస్తాయి. వీడియో అయిపోయాక ఆ గొడవ లేదు. డీటీపీ సెంటర్ నుంచి వచ్చిన మేటర్ "అను" అనే పాత తరహా ఫాంట్లలో ఉంటే ముందు యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటర్ అయినా తెలుగుగా గుర్తించే పద్ధతిలోకి, మార్పించుకోండి. ఫాంట్లకు డబ్బు పెట్టక్కర్లేదు. నోటో సాన్స్ తెలుగు, మండలి, ఎన్‌టీఆర్ ఉచితంగానే దొరుకుతాయి. తెర మీద సన్న గీతల ఫాంట్ కంటే కాస్త మందంగా ఉన్నదే నయం. టీవీలో ఆ వీడియోకు "రిపీట్" ఆన్ చేస్తే అది తిరుగుతూనే ఉంటుంది.

కంప్యూటర్‌నే టీవీకి కలపాలనుకుంటే, పవర్‌పాయింట్ స్లైడ్ షో సెట్టింగుల్లో కియోస్క్ పద్ధతి, అంటే షో తెర నిండా ఆగకుండా తిరిగే పద్ధతి, ఎంచుకోండి. ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ ఇంప్రెస్‌లోనూ "లూప్ అండ్ రిపీట్" ఉంది. కంప్యూటర్ నిద్రలోకి పోకుండా, అప్‌డేట్ నోటీసులు తెర మీదికి రాకుండా సెట్టింగులు మార్చాలి. రోజూ సమాచారం మారే పెద్ద ఆసుపత్రికైతే 2012 నుంచి దొరుకుతున్న రాస్ప్‌బెర్రీ పై లాంటి అరచేతి కంప్యూటర్ మంచిది. టీవీ వెనకే దాన్ని అంటించి, బ్రౌజర్‌ను కియోస్క్ మోడ్‌లో, అంటే తెర నిండా పేజీ ఒక్కటే కనిపించేలా, తెరిస్తే, ఆఫీసులో కూర్చునే స్లైడ్ మార్చొచ్చు.

కరెంటు మాట ఎత్తకుండా మన దగ్గర ఏ ఏర్పాటూ పూర్తికాదు. కరెంటు పోయి వచ్చాక చాలా టీవీలు స్టాండ్‌బైలోనే ఉండిపోతాయి. పెన్‌డ్రైవ్‌లోని వీడియో కూడా దానంతటది మొదలవదు. బిగించిన రోజే ప్లగ్ తీసి పెట్టి చూడండి. మళ్లీ మొదలవకపోతే ఎవరు వచ్చి ఆన్ చేయాలో, రిమోట్ ఏ డెస్కులో ఉంటుందో అప్పుడే రాసుకోండి. రాస్ప్‌బెర్రీ పై వాడితే హఠాత్తుగా కరెంటు పోయినప్పుడు మెమరీ కార్డు చెడే ప్రమాదం ఉంది. దాని ఓవర్లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేస్తే కార్డు మీద ఏమీ రాయదు, ఆ ప్రమాదం తగ్గుతుంది. చాలా టీవీల్లో ఎవరూ రిమోట్ నొక్కకపోతే కొన్ని గంటలకు ఆగిపోయే సెట్టింగ్ ఉంటుంది. దాన్ని ఆఫ్ చేయండి. మామూలు ఇంటి టీవీని రోజంతా నడిపితే వారంటీ వర్తిస్తుందో లేదో కొనేటప్పుడే షాపులో అడగండి.

టీవీని కౌంటర్ వెనక పెట్టకండి. ముందు నిలబడ్డ జనం తలలు అడ్డొస్తాయి. డాక్టర్ గది తలుపు పక్కన పెట్టండి. పిలుపు కోసం అందరూ అటే చూస్తుంటారు. కిటికీకి ఎదురుగా పెడితే పగలంతా మెరుపు తప్ప ఏమీ కనిపించదు.

ఆఖరుగా, ఆ తెర బాధ్యత ఒకరి పేరు మీద ఉండాలి. ఆ మనిషి సెలవు పెడితే ఇంకొకరి పేరు ఉండాలి. "ఈరోజు ఫలానా డాక్టర్ లేరు" అన్న స్లైడ్ ముందే తయారుచేసి, పేరు మార్చి వెంటనే వేసేలా ఉంచుకోండి. డాక్టర్ లేరని మధ్యాహ్నం దాకా తెలియక, ముప్పై కిలోమీటర్లు బస్సులో వచ్చి కూర్చున్నవాళ్లకు ఆ స్లైడ్ ఒక్కటే చాలా మేలు చేస్తుంది.

పక్క గదిలో రెండు టీవీలు, కంప్యూటర్లు ఉన్నాయి. మీ ఓపీ వేళలు, గది నంబర్లు కాగితం మీద రాసుకుని రండి. భోజనం లోపు ఒక్కొక్కరూ ఐదు లైన్ల స్లైడ్ ఒకటి చేసి, హాలు చివర నిలబడి చదివి చూద్దాం.