వంతెన దాటితే వేరే దేశం, మా పిన్నికి మాత్రం పంట కాలువ

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? రెండు నెలల నుంచి మా కొవ్వూరు పిన్ని ఒకటే గోల. "ఏమే, మీ ఆయన పనిచేసే ఊరు చూపిస్తానని మంచూ, డాబా మీద మొక్కలూ చూపిస్తావేంటి?" అని. సరే పిన్నీ, ఇవాళ్టి వీడియో నీకోసమే.

ఇప్పుడు నేనున్నది సెవెలెన్, అంటే స్విట్జర్లాండ్. ఎదురుగా రైన్ నది మీద ఈ చెక్క వంతెన 1901లో కట్టింది. పైన కప్పు కూడా ఉంది చూశారా, లోపలికొస్తే మన పాత పెంకుటింటి అటకలో నడిచినట్టే ఉంటుంది, అదే వాసన. పొడవు 135 మీటర్లు. కార్లు రావు, మనుషులూ సైకిళ్ళే. అబ్బా, గంట కొడుతున్నాడు, పక్కకి జరగాలి... ఆ, ఇదిగో నడిమధ్య. ఎడమ కాలు స్విట్జర్లాండ్, కుడి కాలు లీక్టెన్‌స్టయిన్! అడిగే నాథుడు లేడు. రెండు దేశాలకీ కస్టమ్స్ ఒకటే, డబ్బూ స్విస్ ఫ్రాంకే. దేశం మారిందని పసిగట్టేది నా ఫోనొక్కటే. మొదటి నెల రోమింగ్ బిల్లు చూసి మా ఆయన అన్నం మానేశారు.

మరి మా ఆయన పనిచేసే లీక్టెన్‌స్టయిన్‌లోనే ఉండొచ్చుగా అంటారు. ఉండనివ్వరండీ. నివాస పర్మిట్లు లెక్కపెట్టి ఇస్తారు, యూరప్ వాళ్ళకైనా కొన్ని లాటరీ తీసి ఇస్తారు! అక్కడి ఉద్యోగుల్లో సగానికి పైగా మా ఆయనలాగా పొద్దున వెళ్ళి సాయంత్రం దేశం దాటి ఇంటికొచ్చేవాళ్ళే.

వచ్చేశాం, వాడుజ్. రాజధాని! జనాభా ఆరు వేలు కూడా లేదు. ఎయిర్‌పోర్టు లేదు, రైల్వే స్టేషనూ లేదు. కొవ్వూరుకి స్టేషనుంది పిన్నీ, గర్వపడు. కొండ మీద ఆ కోటలో రాజుగారి కుటుంబం నిజంగానే కాపురముంటుంది, అందుకే లోపలికి రానివ్వరు. తెలియక ఓసారి గేటు దాకా ఎక్కి, ఆయాసం తప్ప ఏమీ దక్కక దిగొచ్చాం. కాఫీ అయిదు ఫ్రాంకులు. ఫ్రాంకు వంద దాటి చాన్నాళ్ళయింది, అంటే అయిదొందల పైమాటే. అందుకే ఫ్లాస్కు తెచ్చుకున్నా.

అన్నట్టు, వీళ్ళ జాతీయ దినోత్సవం కూడా ఆగస్టు 15నే. తమాషా ఏంటంటే వీళ్ళ జాతీయ గీతం బాణీ అచ్చం బ్రిటిష్ వాళ్ళదే. మనం వాళ్ళని సాగనంపిన రోజున ఇక్కడ అదే ట్యూను! నేను లోపల జనగణమన పాడుకుంటా.

మా నాన్నగారూ ఇలాగే రోజూ వంతెన దాటి రాజమండ్రి ఉద్యోగానికి వెళ్ళేవారు. బస్సు గోదావరి దాటేసరికి ఓ కునుకు తీసేవారట. ఈ వంతెన మీద ఆవులించేలోపే ఇల్లొచ్చేస్తుంది.

తిరిగొస్తూ వంతెన ఇవతల ఆగి పిన్నికి వీడియో కాల్ చేసి నీళ్ళు చూపించా. "ఇదేనా రైన్? మా పంట కాలువలా ఉందే," అంది. కాసేపు చూసి, "రేవేదే? మునగాలంటే ఎక్కడ దిగుతారు?" అంది. ఫోన్ అటూ ఇటూ తిప్పా. రెండు పక్కలా వరద కోసం కట్టిన గట్లే పిన్నీ. రేవు లేదు.