కొట్టు లెక్కల యాప్‌కి క్లౌడ్‌ఫ్లేర్ యాక్సెస్ కాపలా: నెల రోజులు వాడాక నా రివ్యూ

నమస్తే అండీ. ముందు ఈ ఫోన్ చూడండి. వైఫై ఆపేశాను, మొబైల్ డేటాలో ఉంది. యాప్ అడ్రస్ కొడుతున్నాను... చూశారా, యాప్ రాలేదు. ఈమెయిల్ అడుగుతూ వేరే పేజీ వచ్చింది. అంటే మన రిక్వెస్ట్ ఇంకా యాప్ గడపే తొక్కలేదు, వీధి గేటు దగ్గరే ఆపేశారు. ఆ గేటే క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చే యాక్సెస్ సర్వీస్.

తెనాలిలో మా బావకి ఎరువుల కొట్టుంది. స్టాకు, అరువు ఖాతాలు రాసుకోవడానికి చిన్న వెబ్ యాప్ చేసిచ్చాను. కొట్లో పాత ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది. వాడేది ఒక్కడే కదా అని లాగిన్ కూడా పెట్టలేదు. తర్వాత ఇంటి నుంచి చూడాలన్నాడు, గుమస్తా కూడా చూడాలన్నాడు. తీరా చూస్తే ఆ బ్రాడ్‌బ్యాండ్‌కి సొంత పబ్లిక్ ఐపీ, అంటే బయటి ఇంటర్నెట్ నుంచి చేరుకునే అడ్రస్, లేదు; ఒకే ఐపీని చాలామందికి పంచే రకం. రౌటర్‌లో పోర్ట్, అంటే లోపలికొచ్చే దారి, తెరిచినా బయటి నుంచి రాలేం.

ఇక్కడే క్లౌడ్‌ఫ్లేర్ వాళ్లదే టన్నెల్ అనే ఇంకో సర్వీస్ పనికొచ్చింది. ల్యాప్‌టాప్‌లో క్లౌడ్‌ఫ్లేర్‌డీ అనే చిన్న ప్రోగ్రామ్ వేస్తాం. అది లోపలి నుంచే క్లౌడ్‌ఫ్లేర్‌కి కనెక్షన్ కట్టి ఉంచుతుంది, వచ్చేవాళ్లు ఆ దారిలోనే వస్తారు. రౌటర్ ముట్టుకోనక్కర్లేదు. సొంత డొమైన్ ఒకటి ఉండి, అది క్లౌడ్‌ఫ్లేర్‌లో ఉంటే చాలు. 50 మంది యూజర్ల దాకా ఫ్రీ. మా కొట్టుకి ముగ్గురు.

సెటప్‌లో ఒక్కమాట. చాలామంది ముందు టన్నెల్‌కి అడ్రస్ తగిలించేసి, తర్వాత యాక్సెస్ పాలసీ, అంటే ఎవరు లోపలికి రావచ్చో చెప్పే రూల్, రాస్తారు. ఆ మధ్యలో యాప్ ఊరందరికీ తెరిచే ఉంటుంది. అందుకే ముందు పాలసీ, ఆ తర్వాతే అడ్రస్.

పాలసీ రాసే చోట కాస్త ఆగండి. ఇన్‌క్లూడ్ అని, రిక్వైర్ అని రెండుంటాయి. ఇన్‌క్లూడ్‌లో ఏదో ఒకటి సరిపోతే లోపలికి పంపేస్తుంది. రిక్వైర్‌లో రాసినవన్నీ సరిపోవాలి. నేను మొదట ఇన్‌క్లూడ్‌లోనే బావ ఈమెయిల్ పెట్టి, దేశం ఇండియా అని కూడా చేర్చాను, ఇంకా గట్టిగా ఉంటుందని! దాని అర్థమేంటో తెలుసా? బావ రావచ్చు, లేదా ఇండియాలో ఉన్న ఎవరైనా రావచ్చు. దేశం రిక్వైర్‌లోకి మార్చాక సరైంది.

లాగిన్‌కి ఈమెయిల్‌లో కోడ్ వచ్చే పద్ధతి పెట్టాను. కోడ్ పది నిమిషాలే పనిచేస్తుంది. మొదటిరోజే బావ ఫోన్. “ఒరేయ్, కోడ్ పంపామంటోంది, ఇక్కడేమో ఏమీ రాలేదు.” స్పామ్ చూడు బావా అన్నాను. లేదన్నాడు. అరగంట తర్వాత తేలింది, ఆయన కొట్టింది మా అక్క ఈమెయిల్. లిస్టులో లేని ఈమెయిల్ కొట్టినా ఆ పేజీ కోడ్ పంపినట్టే మాట్లాడుతుంది, కానీ పంపదు. ఎవరి ఈమెయిల్ లిస్టులో ఉందో బయటివాడికి తెలియకూడదు కదా, అందుకు. మంచి పద్ధతే, మా బావ లాంటివాళ్లకే టెన్షన్.

ఇప్పుడు అసలు సంగతి. అదే ఫోన్‌ని కొట్టు వైఫైకి మారుస్తున్నాను. ఈసారి డొమైన్ కాదు, ల్యాప్‌టాప్ లోకల్ ఐపీ, అంటే కొట్టు వైఫై లోపల దాని అడ్రస్, పక్కన పోర్ట్ నంబర్... తెరుచుకుంది! ఈమెయిల్ లేదు, కోడ్ లేదు, రైతుల అరువు ఖాతాలన్నీ ఎదురుగా. ఇది మొదటివారం రికార్డింగ్ లెండి. ఆ వైఫై పాస్‌వర్డ్ కౌంటర్ మీదే అంటించి ఉంటుంది. తప్పు క్లౌడ్‌ఫ్లేర్‌ది కాదు, నాది. గేటు వీధివైపు ఉంది, పెరటి తలుపు నేనే తీసిపెట్టాను. యాప్ అన్ని నెట్‌వర్క్‌లకీ జవాబిచ్చేలా 0.0.0.0 మీద నడుస్తోంది. దాన్ని 127.0.0.1కి మార్చాను. ఇప్పుడు క్లౌడ్‌ఫ్లేర్‌డీ లాంటి, ఆ ల్యాప్‌టాప్ లోపలి ప్రోగ్రామ్‌లకి తప్ప బయట ఎవరికీ నేరుగా పలకదు. డాకర్ (యాప్‌ని ఒక డబ్బాలో పెట్టి నడిపే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లు పోర్ట్ ముందు ఈ 127.0.0.1 రాయండి, లేదంటే ఇదే కథ. ఇంకా గట్టిగా కావాలంటే, యాక్సెస్ ప్రతి రిక్వెస్ట్‌కీ డిజిటల్ సంతకం చేసిన టోకెన్, అంటే గేటు దాటొచ్చినట్టు చీటీ, జతచేసి పంపుతుంది, యాప్‌లో దాన్ని సరిచూసుకోవచ్చు. అది నేనింకా చెయ్యలేదు.

నచ్చనివి? ట్రాఫిక్ క్లౌడ్‌ఫ్లేర్ దగ్గర విప్పి మళ్లీ మూటకట్టి పంపుతారు, అంటే మన డేటా వాళ్ల చేతుల మీదుగా పోతుంది. ఎరువుల లెక్కలకి పర్లేదు, రోగుల రిపోర్టులైతే నేను వేరేదారి చూస్తాను. ఫ్రీ ప్లాన్‌లో ఒక అప్‌లోడ్ 100 ఎంబీ దాటకూడదు. ఆటోమేటిక్‌గా నడిచే స్క్రిప్టులు ఈమెయిల్ కోడ్ కొట్టలేవు, వాటికి సర్వీస్ టోకెన్, అంటే ప్రోగ్రామ్‌లకిచ్చే తాళంచెవి లాంటిది, విడిగా చెయ్యాలి.

ఇంత చేశాక బావ అడిగిందేంటంటే, “రోజూ ఈ కోడేంట్రా?” అని. ఒకసారి లాగిన్ అయితే ఆ సెషన్ మామూలుగా 24 గంటలుంటుంది, నెల దాకా పెంచుకోవచ్చు. బావకి వారం పెట్టాను. గుమస్తాకి మాత్రం 24 గంటలే.