కన్సల్టెంట్ రోజు ఫీజుని 30తో గుణించకండి

నమస్తే అండి. నన్ను ఎక్కువమంది అడిగేది ఒకటే, "రోజుకి అంత తీసుకుంటారా, అయితే నెలకి ఇంటూ 30 కదా?" అని. కాదండీ! ఈ లెక్క నమ్మి ఉద్యోగం మానేసి వచ్చినవాళ్లు ఇబ్బంది పడటం చూశా, అందుకే ఈ వీడియో.

జీతం కుళాయి లాంటిది, ఒకటో తారీఖున తిప్పితే వస్తుంది. కన్సల్టింగ్ చెరువు. వానలప్పుడు నిండుతుంది, ఆ నీళ్లతోనే ఏడాదంతా గడవాలి. మీరు విన్న ఆ రోజు ఫీజు, అలుగు పారుతున్నప్పుడు చూసిన చెరువన్నమాట.

లెక్కేద్దాం. 365లో శని ఆదివారాలు 104 తీసేస్తే 261. సెలవులు, జ్వరాలు కలిపి ఓ 25 అనుకోండి, 236. ఇక కొత్త క్లయింట్లతో మీటింగులు, ప్రపోజల్స్, ఇన్వాయిస్‌లు, రావాల్సిన డబ్బుల కోసం ఫోన్లు, వీటికి వారానికి ఒకటిన్నర రోజు పోయినా మిగిలేది 165, అదీ మధ్యలో ఖాళీ లేకుండా పని దొరికితే. ఇన్సూరెన్స్, ల్యాప్‌టాప్, రిటైర్మెంట్‌కి దాచుకునేది అన్నీ అందులోంచే.

మరి ఎందుకు చేస్తున్నా అంటే, ఒక కంపెనీ వాళ్లు స్టాక్ తేడా వస్తోందని పిలిచారు. కంప్యూటర్లో సరుకు ఉంటుంది, ర్యాక్‌లో ఉండదు. రెండ్రోజులు రిపోర్టులు తిరగేసినా ఏం తేల్లేదు, మూడోరోజు స్టోర్స్‌లో పెద్దాయన పక్కన కూర్చున్నా. చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీశారు, చెమటకి అంచులు మెత్తబడిపోయాయి. అర్జెంటుగా పోయిన సరుకంతా ముందు అందులో రాసుకుంటారు, కంప్యూటర్లో ఎక్కేది మర్నాడు. తేడా అక్కడుంది! ఆయన ఏళ్లుగా చెప్తున్నారట, ఎవరూ పట్టించుకోలేదు. ఆయన పేరుతో సహా నేను రిపోర్ట్‌లో పెడితే ఎండీ గారు పెన్ను తీసి రాసుకున్నారు. బయటివాడి మాటకి ఆ బలం ఉంటుంది, నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైంది అదే.

ఆరు నెలల తర్వాత వెళ్తే ఆయన జేబులో అదే పుస్తకం. చెప్పడం వరకే మన చేతిలో ఉంది, చేయించే అధికారం లేదు. ఫీజు డబ్బు ఆలస్యంగా రావడం కంటే ఇది నన్ను ఎక్కువ బాధపెట్టింది.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. చెరువుకి ఒకే వాగు ఉంటే, అంటే ఒక్క క్లయింటే ఉంటే, అది ఎండిన రోజు మీరూ ఎండిపోతారు, కనీసం మూడు వాగులు చూసుకోండి. "ఇది కూడా కాస్త చూడండి" అని ఉచితంగా చేయించుకునే పనులు గండి లాంటివి, ఏం చేస్తారో ఏం చేయరో కాంట్రాక్ట్‌లో రాయించండి. పూడిక తీయాలి, అంటే కొత్తవి నేర్చుకోవాలి, ఆ రోజులకీ డబ్బు రాదు. ఇన్వాయిస్ పెట్టిన 60 రోజులకి గానీ చెల్లించని కంపెనీలు చాలా ఉంటాయి, కాబట్టి అడ్వాన్స్ తీసుకున్నాకే మొదలుపెట్టండి, ఆర్నెల్ల ఇంటిఖర్చు పక్కన పెట్టుకున్నాకే ఉద్యోగం మానేయండి.