ఓడిన ఏడాది బెస్ట్ ప్లేయర్ ఎవరు?

అందరికీ నమస్కారం.

ఫుట్‌బాల్ అవార్డు అనగానే మనకి బాలన్ డోర్ గుర్తొస్తుంది. మెస్సీ గొప్పా, రొనాల్డో గొప్పా అని వాట్సాప్‌లో అర్ధరాత్రి దాకా కొట్టుకున్నవాళ్లు ఈ హాల్లోనే ఉండుంటారు. 1956లో మొదలైన ఆ అవార్డు అందుకున్న గోల్‌కీపర్ ఇన్నేళ్లలో ఒకే ఒక్కడు, సోవియట్ యూనియన్‌కి ఆడిన లెవ్ యాషిన్. అదీ 1963లో. గోల్ కొట్టినవాడికి ఉన్న పేరు ఆపినవాడికి రాదన్నమాట.

ఇవాళ నేను చెప్పబోయేది చాలా చిన్న అవార్డు గురించి. ఇంగ్లండ్ తూర్పు కొసన నారిచ్ అని ఒక ఊరుంది. ఆ ఊరి క్లబ్ నారిచ్ సిటీ, 1902లో పుట్టింది. పసుపు జెర్సీ, ఆకుపచ్చ నిక్కరు. ఇంతవరకు ఇంగ్లండ్ లీగ్ గెలవలేదు, అక్కడి పెద్దా చిన్నా క్లబ్బులన్నీ ఆడే నాకౌట్ టోర్నీ ఎఫ్ఏ కప్పూ గెలవలేదు. పై డివిజన్‌కి ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం, అదే దాని చరిత్ర. ఆ క్లబ్ అభిమానులు ప్రతి సీజన్ చివర ఓట్లేసి తమ బెస్ట్ ప్లేయర్‌ని ఎన్నుకుంటారు. గెలిచినవాడికి ఇచ్చేది బారీ బట్లర్ మెమోరియల్ ట్రోఫీ.

బట్లర్ ఎవరని అడిగితే నారిచ్ బయట చెప్పగలిగేవాళ్లు తక్కువ. సెంటర్ హాఫ్, అంటే డిఫెన్స్ మధ్యలో ఆడేవాడు. 1957లో చెస్టర్ నుంచి వచ్చి, నారిచ్‌కి దాదాపు 350 మ్యాచ్‌లు ఆడాడు. 1959లో నారిచ్ మూడో డివిజన్‌లో ఉండగా ఎఫ్ఏ కప్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌ని 3-0తో ఓడించింది. ఆ యునైటెడ్ అదే సీజన్లో లీగ్‌లో రెండో స్థానంలో నిలిచిన జట్టు! తర్వాత టోటెన్‌హామ్‌నీ ఇంటికి పంపి నారిచ్ సెమీఫైనల్ దాకా వెళ్లింది. అక్కడ లూటన్ చేతిలో, డ్రా అయ్యాక మళ్లీ ఆడించిన రీప్లేలో ఓడింది. ఆ డిఫెన్స్ మధ్యలో నిలబడ్డవాడు బట్లర్. 1966 ఏప్రిల్‌లో కారు ప్రమాదంలో చనిపోయాడు. 31 ఏళ్లు. మరుసటి ఏడాది నుంచి అతని పేరు మీద ఈ ట్రోఫీ ఇస్తున్నారు. 1967లో మొదట అందుకున్నది టెర్రీ ఆల్‌కాక్. ఆ 1959 జట్టులో బట్లర్‌తో కలిసి ఆడినవాడే.

ట్రోఫీకి డిఫెండర్ పేరు పెట్టడం వల్లే అని నేననను గానీ, ఈ జాబితాలో గోల్‌కీపర్లు, డిఫెండర్లు తరచుగా కనిపిస్తారు. 1973, 1974లో వరసగా రెండుసార్లు గెలిచింది కెవిన్ కెలన్, గోల్‌కీపర్. మనవాళ్లు కాస్త చెవి పెట్టి వినాల్సిన సంగతి ఒకటుంది. ఈ కెలన్ 1941లో కలకత్తాలో పుట్టాడు. నారిచ్‌కి మొత్తం 673 మ్యాచ్‌లు ఆడాడు. ఆ క్లబ్ తరఫున అన్ని మ్యాచ్‌లు ఇంకెవరూ ఆడలేదు. ఇంగ్లండ్‌లో ఒక క్లబ్ రికార్డు కలకత్తాలో పుట్టినవాడి పేరు మీద ఉందంటే మన క్విజ్ మాస్టర్లు ఎలా వదిలేశారో నాకు అర్థం కాదు.

ఇక్కడ అసలు విషయానికొస్తాను. కెలన్ రెండోసారి గెలిచిన 1974లో నారిచ్ అట్టడుగున నిలిచి కింది డివిజన్‌కి దిగిపోయింది. 1985లో దిగింది, ఆ ఏడాది ట్రోఫీ స్టీవ్ బ్రూస్‌కి. 2005లో దిగింది, ట్రోఫీ డారెన్ హకర్బీకి. 2014, 2016, 2020, 2022, ఇవన్నీ దిగిపోయిన ఏళ్లే. జట్టు మునిగిందని ఓటింగ్ ఎవరూ ఆపలేదు. నన్నడిగితే ఇలాంటి అవార్డుకి అసలైన పరీక్ష ఓడిన ఏడాదే. కప్పు గెలిచిన సీజన్లో బెస్ట్ ప్లేయర్‌ని పిల్లాడు కూడా చెప్తాడు. అంతా పోయిన సీజన్లో, ఇరవై చెత్త మ్యాచ్‌లు చూసి వచ్చిన మనిషి ఎవరికి ఓటేస్తాడు?

2022 చూడండి. ఇంగ్లండ్ పై డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్‌లో 38 మ్యాచ్‌లకి నారిచ్ కొట్టిన గోల్స్ 23. అందులో 11 ఫిన్లాండ్ స్ట్రైకర్ టీము పుక్కి ఒక్కడివే. ఆ ఓటుకి పెద్దగా ఆలోచించనక్కర్లేదు. 2020లో మాత్రం అట్టడుగున ఉన్న జట్టులో గోల్‌కీపర్ టిమ్ క్రుల్‌ని ఎన్నుకున్నారు. ఆ మార్చిలో ఎఫ్ఏ కప్‌లో టోటెన్‌హామ్ మీద పెనాల్టీ షూటౌట్ జరిగింది. ఎదుటివాళ్లు ఎటు కొడతారో క్రుల్ తన నీళ్ల బాటిల్ మీద రాసుకుని నిలబడి మ్యాచ్ గెలిపించాడు. కాపీ స్లిప్పులు పనికొచ్చిన అరుదైన పరీక్ష అది.

బ్రూస్ సంగతి ఇంకా చిత్రం. 1984లో జిలింగ్‌హామ్ నుంచి వచ్చి, లివర్‌పూల్ మీద ఆడిన మొదటి మ్యాచ్‌లో మొదటి నిమిషంలోనే సొంత గోల్‌లో బంతి వేసుకున్నాడు. అలా మొదలైన సీజన్ చివరికి, ఎఫ్ఏ కప్ లాంటిదే ఇంకో నాకౌట్ టోర్నీ అయిన లీగ్ కప్ ఫైనల్ గెలిచిన జట్టులో అతను మూలస్తంభం. ఆ కప్పుతో నారిచ్‌కి యూరప్‌లో ఆడే అవకాశం రావాలి. బ్రస్సెల్స్‌లోని హేసెల్ స్టేడియంలో ఇంగ్లిష్ క్లబ్ అభిమానుల గొడవతో తొక్కిసలాట జరిగి జనం చనిపోయిన దుర్ఘటన తర్వాత ఇంగ్లిష్ క్లబ్బులన్నింటినీ యూరప్ నుంచి నిషేధించడంతో అదీ పోయింది. డివిజనూ పోయింది. మిగిలింది చేతిలో ఒక కప్పు, ఆ కుర్రాడికి అభిమానులు వేసిన ఓటు. తర్వాత అతను మాంచెస్టర్ యునైటెడ్‌కి వెళ్లి కెప్టెన్ అయ్యాడు.

వెళ్లిపోవడం కూడా ఈ ట్రోఫీ చరిత్రలో ఒక భాగమే. నారిచ్ డబ్బున్న క్లబ్ కాదు. ఫ్యాన్స్ నెత్తిన పెట్టుకున్నవాణ్ణి ఆ వేసవిలోనే పెద్ద క్లబ్ కొనేస్తుంది. 1992లో రాబర్ట్ ఫ్లెక్ గెలిచాడు, చెల్సీ పట్టుకుపోయింది. 1994లో క్రిస్ సటన్ గెలిచాడు, బ్లాక్‌బర్న్ 50 లక్షల పౌండ్లు పోసింది. అప్పటికి బ్రిటన్‌లో అదే రికార్డు ధర. 2018లో జేమ్స్ మాడిసన్ లెస్టర్‌కి, 2021లో ఎమి బుయెందియా ఆస్టన్ విల్లాకి. అక్కడి ఫ్యాన్స్‌కి మేలో ఓటేసేటప్పుడే టెన్షన్ మొదలవుతుందేమో.

ఇప్పుడు ఈ జాబితాలో నాకు అన్నింటికన్నా ఇష్టమైన ఏడాది, 1993. ప్రీమియర్ లీగ్ మొదటి సీజన్. దిగిపోతుందని అందరూ అనుకున్న నారిచ్ చాలాకాలం పైన కూర్చుని చివరికి మూడో స్థానంలో నిలిచింది. కొట్టిన గోల్స్ 61, తిన్నవి 65. మూడో స్థానం వచ్చిన జట్టు కొట్టినవాటికన్నా ఎక్కువ తినడం వింతే. ఆ 65 గోల్స్ తిన్న జట్టు గోల్‌కీపర్ బ్రయన్ గన్‌కే అభిమానులు ట్రోఫీ ఇచ్చారు. లెక్కలు చూసేవాడికి ఇది అర్థం కాదు. 1992 అక్టోబరులో గన్ కూతురు ఫ్రాన్సెస్కా లుకేమియాతో చనిపోయింది. రెండేళ్ల పిల్ల. అయినా అతను త్వరలోనే గ్రౌండ్‌లోకి వచ్చాడు, సీజనంతా గోల్ ముందు నిలబడ్డాడు, లుకేమియా పరిశోధన కోసం నిధులు సేకరించడం మొదలుపెట్టాడు. అది సానుభూతి ఓటు అని ఎవరైనా అంటే నేను సగమే ఒప్పుకుంటాను. అతను ఆపిన బంతులు లేకపోతే ఆ మూడో స్థానం లేదు. మిగతా సగం సానుభూతే అనుకున్నా, అందులో తప్పేముంది? ఓటేసేది మనుషులు.

గన్ కథ అక్కడితో అయిపోలేదు. 2009లో అతను ఆ క్లబ్‌కే మేనేజర్. జట్టు మూడో డివిజన్‌కి పడిపోయింది. ఆగస్టు 8న కొత్త సీజన్ మొదటి మ్యాచ్, సొంత గ్రౌండ్ కారో రోడ్‌లో, కోల్చెస్టర్ మీద. 1-7. కోపం పట్టలేక కొందరు గ్రౌండ్‌లోకి దూకి సీజన్ టికెట్లు గన్ మీదకి విసిరారు. ట్రోఫీని అతనికి రెండుసార్లు ఇచ్చిన అభిమానులే! వారం తిరక్కుండా ఉద్యోగం పోయింది. అతని కుర్చీలో వచ్చి కూర్చున్నది, కోల్చెస్టర్‌తో ఏడు గోల్స్ కొట్టించిన పాల్ లాంబర్ట్.

కానీ ఆ వేసవిలో గన్ ఒక మంచి పని చేసి వెళ్లాడు. ష్రూస్‌బరీ నుంచి గ్రాంట్ హోల్ట్ అనే స్ట్రైకర్‌ని 4 లక్షల పౌండ్లకి కొన్నాడు. ఒకప్పుడు టైర్ల ఫ్యాక్టరీలో పని చేస్తూ చిన్న క్లబ్బుకి ఆడినవాడు, మధ్యలో సింగపూర్ లీగ్ దాకా తిరిగొచ్చినవాడు. లాంబర్ట్ అతన్ని కెప్టెన్‌ని చేశాడు. మొదటి సీజన్లో 24 లీగ్ గోల్స్, జట్టు రెండో డివిజన్‌కి. రెండో సీజన్లో 21, జట్టు ప్రీమియర్ లీగ్‌కి. మూడో సీజన్లో, ప్రీమియర్ లీగ్‌లోనే 15. 2010, 2011, 2012, మూడేళ్లూ బారీ బట్లర్ ట్రోఫీ హోల్ట్‌దే. అంతకుముందు దాన్ని మూడుసార్లు గెలిచినవాళ్లే లేరు. ఇంగ్లండ్‌కి ప్రపంచ కప్ ఫైనల్లో గోల్ కొట్టిన మార్టిన్ పీటర్స్ కూడా నారిచ్‌కి వచ్చాక 1976, 1977లో రెండుసార్లతో ఆగాడు.

మీ క్లబ్ ఈ ఏడాది నుంచి బెస్ట్ ప్లేయర్ అవార్డు పెట్టబోతోందని కార్యదర్శి గారు ఫోన్లో చెప్పారు, అందుకే ఇంతసేపు నారిచ్‌లో తిప్పాను. నాకు తోచినవి రెండు మాటలు. కమిటీ గదిలో కూర్చుని తేల్చకండి, లైన్ బయట నిలబడి అరిచేవాళ్లకి ఓటివ్వండి. జట్టు చెత్తగా ఆడిందని ఒక్క ఏడాది కూడా ఎగ్గొట్టకండి. ఇక పేరు సంగతి. హైదరాబాద్‌లో ఉన్నాం కాబట్టి రహీం సాబ్ పేరు పెడదామని ఎవరైనా అంటారు. 1962 ఆసియా క్రీడల్లో మనకి స్వర్ణం తెచ్చిన కోచ్ ఆయన, కాదనేవాడెవడు? అయినా మీ గ్రౌండ్‌లోనే ఆడి, మీ గ్రౌండ్ బయట ఎవరికీ తెలియని మనిషి ఎవరైనా ఉన్నారేమో ముందు పెద్దవాళ్లని అడగండి. అలాంటి పేరు దొరికితే నా ఓటు దానికే.

ప్రశ్నలుంటే అడగండి. మెస్సీ, రొనాల్డో పంచాయితీ మాత్రం వద్దు.