సోలార్ ఇల్లా, మామూలు ఇల్లా? ముందు గండి పూడ్చండి

[స్క్రీన్ మీద: హన్మకొండలో పక్కపక్కన రెండు డాబాలు. ఒకదాని మీద ప్యానెళ్లు, ఇంకోదాని మీద ఉత్త నీళ్ల ట్యాంకు.]

నమస్తే. ఈ రెండిట్ల దేనికి కరెంటు బిల్లు తక్కువ వస్తది? ప్యానెళ్లున్న దానికే అని టక్కున అన్నరు గదా. నాకు చిర్రెత్తేది అక్కడ్నే. "అన్నా, మూడు కిలోవాట్ల సోలార్ ఎక్కిస్తే బిల్లు సున్నానే గదా" అని అడుగుతరు. నెలకు ఎన్ని యూనిట్లు కాలుస్తున్నరు అంటే మాత్రం తెల్వదు.

ఓరుగల్లు వాళ్లకు చెరువు గురించి కొత్తగా చెప్పేదేమున్నది. కట్టకు గండి పడ్డదనుకోండి. ముందు గండి పూడుస్తమా, ఇంకో వాగును తెచ్చి చెరువులకు మళ్లిస్తమా? ప్యానెళ్లు కొత్త వాగు. మన ఇండ్లకు గండి ఎక్కడున్నదంటే నెత్తి మీద, స్లాబు రూపంల.

మే నెల రాత్రి తొమ్మిదింటికి స్టూలెక్కి సీలింగుకు అరచెయ్యి ఆనించి చూడండి. గోడకన్నా వెచ్చగ తగులుతది. పొద్దంతా మింగిన ఎండను స్లాబు అప్పుడు కక్కుతది. ఫ్యాను ఆ వేడినే మన మీదికి తోస్తది. ఏసీ సగం కష్టం స్లాబును చల్లార్చుడుకే పోతది. మట్టి గోడలు, గూనపెంకులు తీసేసి స్లాబు పోసినప్పుడు మనం హోదా కొనుక్కున్నం, దాంతోపాటు ఉక్కపోతను కూడా కొనుక్కున్నం. ఇది నా అభిప్రాయం, తిట్టుకుంటే తిట్టుకోండి.

పూడ్చుడు పెద్ద ఖర్చేం కాదు. స్లాబు మీద తెల్లటి కూల్ రూఫ్ కోటింగ్ కొట్టిస్తే లోపల రెండు మూడు డిగ్రీలు తగ్గుతది. 2023లనే మన తెలంగాణ రాష్ట్రం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. ఎంతమంది ఇండ్లమీద తెలుపు కనబడుతున్నది? కొత్తగా కట్టేటోళ్లు పడమటి గోడకు ఏఏసీ బ్లాకులు (లోపల గాలి బుడగలుండే తేలిక ఇటుకలు, వేడిని తొందరగ లోపలికి రానియ్యవు) వాడండి, ఆ దిక్కు కిటికీలు చిన్నగ పెట్టండి. సాయంత్రం ఎండ ఏటవాలుగ వస్తది, దాన్ని సజ్జ ఆపలేదు.

ఇగ ఫ్యాన్లు. పాత ఫ్యానుకు 75 వాట్లు, తక్కువ కరెంటు తినే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 అటూఇటూ. నాలుగు ఫ్యాన్లు రోజుకు 12 గంటలు తిరిగితే రెండు యూనిట్లకు పైనే మిగులు. ఒక కిలోవాట్ ప్యానెల్ రోజుకు ఇచ్చేదే సుమారు నాలుగు యూనిట్లు. అంటే నాలుగు ఫ్యాన్లు మారిస్తే అర కిలోవాట్ సోలార్ ఎక్కించినట్టే. సబ్సిడీ ఫారం లేదు, నెట్ మీటర్ లేదు, డాబా ఎక్కే పనే లేదు. ఈ ముచ్చట సోలార్ అమ్మేటాయన చెప్పడు. ఎందుకు చెప్తడు?

[స్క్రీన్ మీద: 200 యూనిట్లు – 820 రూపాయలు. 201 యూనిట్లు – 1,027 రూపాయల 70 పైసలు.]

ఇది మంచిగ చూడండి. ఫిక్స్‌డ్ ఛార్జీల్లాంటివి పక్కకు పెట్టిన, ఉత్త యూనిట్ల లెక్క. నెలకు వంద దాటి 200 లోపలుంటే మొదటి వందకు యూనిట్‌కు 3.40, రెండో వందకు 4.80. ఒక్క యూనిట్ దాటిందా, మొదటి యూనిట్ నుంచే 5.10 పడ్తది. ఆ ఒక్క యూనిట్ ఖరీదు రెండు వందల పైమాటే! 200 దాటినంక 7.70, 300 దాటినంక 9 రూపాయలు. 400 కాల్చే మామూలు ఇంటికి 2,690 అయితది. అదే ఇల్లు గండి పూడ్చుకొని 250కి దిగితే 1,405. యూనిట్లు మూడోవంతుకు కొంచెం ఎక్కువ తగ్గినయి, బిల్లు దాదాపు సగానికి పడ్డది. ప్యానెల్ ఇంకా కొననే లేదు.

ఇప్పుడు వాగు తెద్దాం. మూడు కిలోవాట్లకు రెండు లక్షలు అటూఇటూ. ఇండ్ల మీది సోలార్‌కు సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద కేంద్రం 78,000 ఇస్తది. చేతి నుంచి లక్షా ఇరవై వేలు. నెలకు 350 యూనిట్ల దాకా వస్తయి. 400 కాల్చే ఇంటికి నెలకు రెండున్నర వేలు మిగిలి నాలుగేండ్లల్ల పెట్టుబడి తిరిగొస్తది. 250కి దిగిన ఇంటికి రెండు కిలోవాట్లు చాలు, సబ్సిడీ 60,000, ఖర్చు ఎనభై వేల లోపట. అది కూడా ఐదేండ్ల పనే, కాకపోతే జేబుల నుంచి నలభై వేలు తక్కువ పోతయి. తెల్ల రేషన్ కార్డు మీద గృహజ్యోతి ఉండి, 200 లోపల జీరో బిల్లు వచ్చేటోళ్లా? అయ్యా, మీకు సోలార్ ఎందుకు?

మరి ఏసీ రాత్రి, ఎండ పగలు, ఎట్ల కుదురుతది అంటరు. మళ్లా చెరువు కాడికే పోదాం. మనయి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దూకితే నీళ్లు కింది చెరువుకు పోతయి. నెట్ మీటరంటే మత్తడి కాడ కూసోని లెక్క రాసే మనిషి. పగలు మత్తడి దూకిన కరెంటును రాత్రి మీ ఖాతాల తిరిగి కలుపుతడు. కాకపోతే ఏండ్లకేండ్లు మిగిలేటంత పెద్ద సోలార్ పెట్టకండి. మిగిలినదానికి డిస్కం, అంటే కరెంటు కంపెనీ, ఇచ్చే రేటు మీరు బిల్లుల కట్టే పై మెట్టు రేటుకు సాటిరాదు.

టైం దగ్గర పడ్తున్నది, మిగిలినయి గబగబ చెప్త.

వాస్తు ప్రకారం నీళ్ల ట్యాంకు నైరుతి మూలకు పెడ్తరు. మధ్యాహ్నం మూడు దాటితే దాని నీడ ప్యానెళ్ల మీద పడ్తది. ఒక్క ప్యానెల్ మీద నీడ పడ్డా, దానితో వరుసగ కలిపినయన్నీ డీలా పడొచ్చు. వాస్తాయన, సోలారాయన ఇద్దరూ ఒకసారి డాబా మీద మాట్లాడుకుంటే మంచిది.

ఎండ దంచితే కరెంటు దంచుతదా? కాదు. ప్యానెల్‌కు వెలుతురు కావాలె, వేడి వద్దు. 25 డిగ్రీలు దాటినంక డిగ్రీకి 0.35 శాతం వరకు తగ్గుతది. మే నెలల ప్యానెల్ 65 డిగ్రీలకు కాగితే 14 శాతం గోవిందా. రామగుండంల ఎన్టీపీసీ 100 మెగావాట్ల సోలార్‌ను రిజర్వాయర్ నీళ్ల మీద తేలేటట్టు కట్టింది. భూమి మిగుల్తది, నీళ్ల చల్లదనమూ కలిసొస్తది.

కరెంటు పోతే? ప్యానెళ్లున్నా మీ ఇల్లు చీకటే. లైను చచ్చినప్పుడు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్, అంటే ప్యానెళ్లను కరెంటు లైనుకు కలిపే డబ్బా, తనంతట తానే ఆగిపోతది. లేకపోతే మీ డాబా కరెంటు తీగలకు ఎక్కి, స్తంభం మీదున్న లైన్‌మన్ ప్రాణం తీస్తది. కోతల్ల కూడా నడవాలంటే లైనుతోని, బ్యాటరీతోని రెండిటితో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ కావాలె, ఆ ఖర్చు వేరే. ఇంట్ల కోతల కోసం కొన్న పాత బ్యాటరీ ఇన్వర్టర్ ఉంటే అమ్ముకోకండి.

సబ్సిడీ కావాలంటే ప్యానెళ్లు మన దేశంల తయారైనయే ఉండాలె, బిల్లు మీద డీసీఆర్ (దేశీ తయారీ అని గుర్తు) అని రాయించుకోండి. దరఖాస్తు సూర్యఘర్ పోర్టల్‌ల పెట్టినంకనే పని మొదలుపెట్టించండి. ఇగ కోతులు. వైర్లు పైకి వేలాడుతుంటే ఉయ్యాల ఊగుతయి, జాయింట్లు పీకుతయి. కేబుళ్లన్నీ పైపులల్ల వేసి క్లాంపులు బిగించినంకనే ఆఖరి పైసలియ్యండి.